కానుకల జాబితా రాసే ముందు

అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. సెలవుల్లో పన్నెండు మందిమీ ఒకచోట చేరుతున్నామని తెలిసి ఎంత సంతోషించానో! కానీ ఆ కబురు చెప్పిన మరుక్షణమే నువ్వు కానుకల దిగులులో పడిపోయావు. ఎవరికి ఏం కొనాలో తోచడం లేదనీ, కొన్నది నచ్చకపోతే చిన్నబుచ్చుకుంటారేమోననీ రాశావు.

ముందు ఒక లెక్క చూడు. పన్నెండు మందిలో ప్రతి ఒక్కరూ మిగతా పదకొండు మందికీ తలా ఒకటి ఇస్తే 132 పొట్లాలు అవుతాయి. పేర్లు చీటీల మీద రాసి, తలా ఒక చీటీ తీసి, ఆ పేరుగల వారికి మాత్రమే ఇస్తే 12 చాలు. ఈ మాట ఈ వారమే అందరి చెవిన వెయ్యి. సగం మంది కొనేశాక చెబితే ఎవరికీ రుచించదు. ఖర్చుకు హద్దు కూడా అప్పుడే పెట్టుకోండి. అది మనలో అందరికంటే తక్కువ సంపాదించేవారికి ఇబ్బంది లేనంతగా ఉండాలి. ఎంతైతే బాగుంటుందని వాళ్లను అడిగి మొహమాటపెట్టకు, నువ్వే ముందుగా చిన్న మొత్తం చెప్పెయ్.

నచ్చదేమోనన్న నీ భయం ఉత్తదేమీ కాదు. జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికా ఆర్థికవేత్త 1993లో ఒక వ్యాసం ప్రచురించారు. తమకు వచ్చిన కానుకలకు, ఆప్యాయత సంగతి పక్కన పెడితే, ఎంత విలువ కడతారని ఆయన తన విద్యార్థులను అడిగారు. ఇచ్చినవారు పెట్టిన ఖర్చు కంటే పదోవంతు నుంచి మూడోవంతు దాకా తక్కువ విలువ కట్టారు. స్నేహితులు ఇచ్చిన వాటిలో ఈ తేడా తక్కువ, దూరపు బంధువులు ఇచ్చిన వాటిలో ఎక్కువ. నేను దీన్ని ఇలా అర్థం చేసుకున్నాను: దగ్గరగా మసలేవారికి అవతలి మనిషి అవసరం తెలుస్తుంది, దూరంగా ఉన్నవారు ఊహించి కొంటారు.

కాబట్టి ఊహించడం మాని, వినడం మొదలుపెట్టు. మా అక్క వంటింటి అలమర తలుపు మూడేళ్లుగా సరిగా పడేది కాదు. మడిచిన అట్టముక్క సందులో దూర్చి మూసేది. వచ్చినవారికల్లా ఆ తలుపు గోడు చెప్పేది, అందరం తలూపేవాళ్లం. ఒక సెలవు రోజున వాళ్ల చిన్నవాడు స్క్రూడ్రైవరూ, కొత్త బందులూ పట్టుకొచ్చి అరగంటలో బిగించాడు. అక్క ఆ సాయంత్రం పని లేకపోయినా ఆ తలుపు తీసి మూస్తూనే ఉంది. అట్టముక్కను మాత్రం పారేయకుండా దాచుకుంది, ఎందుకో నేను అడగలేదు. మనుషులు తమకేం కావాలో ఏడాది పొడవునా చెబుతూనే ఉంటారమ్మా. ఫోనులో ఒక్కొక్కరి పేరు కింద ఆ మాటలు రాసి పెట్టుకో. ఏమీ దొరకకపోతే నేరుగా అడుగు. అడిగి ఇస్తే విలువ తగ్గుతుందనుకోవడం ఇచ్చేవారి భ్రమ.

ఇక తాతయ్య సంగతి. ఆయన చీటీ ఎవరికి వచ్చినా వస్తువు కొనవద్దని చెప్పు. ఆయన గొంతు రికార్డు చేయమను. మీ అమ్మమ్మ ఫోటోలు మన దగ్గర వందల్లో ఉన్నాయి. గొంతు మాత్రం ఒక పాత వీడియోలో నాలుగు సెకన్లు, అదీ తెర మీద కనిపించకుండా ఎవరినో పిలుస్తూ వినిపిస్తుంది. ఆ నాలుగు సెకన్లను నేను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి విన్నానో నాకే తెలియదు. ఆమె ఉండగా ఒక్క మధ్యాహ్నం ఎదురుగా కూర్చుని ఉంటే సరిపోయేది.

ఎలా చేయాలో చెబుతాను. చిన్న గది చూసుకో, ఫ్యాను ఆపు, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టు. బల్ల చప్పుడు పడకుండా మడత పెట్టిన తువ్వాలు మీద, ఆయనకు జానెడు దూరంలో ఉంచు. ముందు ఒక నిమిషం రికార్డు చేసి విని చూసుకో. మీ జీవితం గురించి చెప్పండి అంటే పెద్దవాళ్లు ఏముంది చెప్పడానికి అని ఊరుకుంటారు. చిన్నప్పుడు పడుకున్న గదిలో కిటికీ ఎటువైపు ఉండేది, మొదటి జీతం ఎవరి చేతిలో పెట్టారు, ఎవరితోనైనా మాటలు మానేసి మళ్లీ కలిశారా అని అడుగు. ఆయన ఆగితే నువ్వూ ఆగు. ఆ మౌనం తర్వాతే అసలు మాట వస్తుంది. అరగంటకు మించి కూర్చోబెట్టకు, మర్నాడు మళ్లీ కూర్చోవచ్చు. ఫైలును కనీసం రెండు చోట్ల దాచు.

జబ్బుమనిషిని చూసుకుంటున్నవారి చీటీ వస్తే వాళ్లకు ఒక రోజు తీరిక ఇవ్వు. మందుల వేళలు ముందుగా రాయించుకుని, నువ్వు వెళ్లి ఆ మంచం పక్కన కూర్చుని, వాళ్లను బయటికి పంపు. అయితే తేదీ వేసి ఇవ్వాలి. ఎప్పుడు కావాలన్నా పిలువు అని చెబితే ఎవరూ పిలవరు. ఈత నేర్పిస్తానన్నా, బీరువా సర్దిపెడతానన్నా ఇదే షరతు.

ఎవరి పేరునైనా విరాళం ఇవ్వాలనుకుంటే వాళ్లు నమ్మే పనికే ఇవ్వు, నీకు నచ్చిన దానికి కాదు. పిల్లలకు మాత్రం విరాళం రసీదు చేతిలో పెట్టకు, వాళ్లకు విప్పడానికి ఏదో ఒకటి ఉండాలి. కుక్కపిల్లనో పిల్లిపిల్లనో చెప్పకుండా తెచ్చి ఇవ్వడం నాకు అసలు నచ్చదు. పదేళ్లకు పైబడిన బాధ్యతను ఇంకొకరి ఒళ్లో పెట్టడం అది. చుట్టడానికి లోహపు పూతతో మెరిసే కాగితం వద్దు, మళ్లీ కాగితం చేయడానికి అది పనికిరాదు. శుభ్రమైన గుడ్డలో ముడివేసి ఇవ్వు.

నా చీటీ ఎవరికి వస్తుందో తెలియదు గనుక నాకేం కావాలో ఇప్పుడే చెబుతున్నాను, అందరికీ చదివి వినిపించు. నా మంచం కింద పెట్టెలో పాత ఫోటోలు ఉన్నాయి. వాటిలో ఎవరెవరు ఉన్నారో తెలిసినవాళ్లం ఇప్పుడు నేనూ తాతయ్యా మాత్రమే. రెండు మధ్యాహ్నాలు నా పక్కన కూర్చుని, నేను చెబుతుంటే వెనకవైపు పేర్లు రాసిపెట్టేవారు కావాలి. మెత్తటి పెన్సిల్ తెమ్మను. బాల్‌పెన్నుతో రాస్తే ముందువైపుకు అచ్చు పడుతుంది.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ