స్మార్ట్ గ్రిడ్ అంటే ఇంటికి కొత్త మీటరు బిగించడమేనా?

స్మార్ట్ గ్రిడ్ అంటే ఇళ్లకు స్మార్ట్ మీటర్లు బిగించడమేనా, దానివల్ల మామూలు వినియోగదారుడికి ఒరిగేదేమిటి అని మీరు అడిగారు. కాదు, మీటరు అందులో ఒక భాగమే; కరెంటు ఎక్కడ పుడుతోందో, ఎక్కడ ఆగిందో, ఎంత ఖర్చవుతోందో అప్పటికప్పుడు తెలిసే సరఫరా వ్యవస్థే స్మార్ట్ గ్రిడ్. గుంటూరు బ్రాడీపేటలో ముప్పై ఏళ్లుగా ఉంటున్న నాకు ఈ ప్రశ్న వినగానే ఒక మే నెల రాత్రి గుర్తుకొస్తుంది.

రాత్రి పదకొండు గంటలకు మా ఇంట్లో కరెంటు పోయింది, ఎదురింట్లో మాత్రం ఫ్యాను తిరుగుతూనే ఉంది. నాన్నగారు ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నారు. మా ఇన్వర్టరు దాన్ని గంటన్నరకు మించి నడపలేదు. ఫిర్యాదు చేస్తే స్తంభం నంబరు చెప్పమన్నారు. టార్చి వేసి చూస్తే ఆ అంకెలు కోచింగ్ సెంటర్ల పోస్టర్ల కింద ఎప్పుడో కప్పబడిపోయాయి. ముప్పావు గంటకు వచ్చిన లైన్‌మన్ "మీ పక్కింట్లో ఉందా మాస్టారూ, వెనక సందులో ఉందా?" అని గుమ్మం గుమ్మానికీ తిరిగి అడిగి, పోయింది ఒక్క ఫేజేనని, అంటే వీధికి కరెంటు తెచ్చే మూడు తీగల్లో ఒకటేనని తేల్చుకుని, రెండు ట్రాన్స్‌ఫార్మర్లు వెతికాక మూడోదాని దగ్గర మాడిపోయిన ఫ్యూజును పట్టుకున్నాడు. ట్రాన్స్‌ఫార్మర్‌కు సరఫరా ఆపే ఏబీ స్విచ్ దించి, టార్చిని చంకలో ఇరికించుకుని, కొత్త తీగ చుట్టేసరికి ఒంటిగంట దాటింది. చివరి అరగంట చిన్న సిలిండరుతో నెట్టుకొచ్చాం. చెమటతో చొక్కా తడిసి ముద్దయిన ఆ మనిషిని ఏమీ అనలేను. అతని చేతికి ఇవ్వవలసిన సమాచారం ఎవరూ ఇవ్వలేదు.

స్మార్ట్ మీటరుకు సరఫరా ఆగిన క్షణంలోనే ఆ సంగతి తెలుపుతూ ఒక ఆఖరి సందేశం పంపే ఏర్పాటు ఉంటుంది. ఒకే ఫేజు మీద ఉన్న ఇళ్లన్నీ ఒక్కసారిగా ఆ సందేశం పంపితే, ఏ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి మనిషిని పంపాలో కార్యాలయంలో కూర్చునే చెప్పవచ్చు. అయితే ఏ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద, ఏ ఫేజు మీద ఉందో జాబితా సరిగ్గా ఉండాలి. అందుకే వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్‌కు మీటరు పెట్టిన తర్వాతే మా గుమ్మం దాకా రావాలని నేను గట్టిగా నమ్ముతాను. 2021లో కేంద్రం మొదలుపెట్టిన పంపిణీ సంస్కరణల పథకంలో ఫీడర్లకూ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్లకూ) ట్రాన్స్‌ఫార్మర్లకూ మీటర్లు పెట్టడం ఎలాగూ ఉంది.

వీధి దాటి మొత్తం గ్రిడ్ స్థాయిలో ఈ సమాచారం అవసరం ఇంకా ఎక్కువ. ఉత్పత్తీ వాడకమూ క్షణక్షణమూ సరితూగితేనే గ్రిడ్ 50 హెర్ట్జ్ దగ్గర, అంటే కరెంటు సెకనుకు యాభైసార్లు ఊగే వేగం దగ్గర నిలుస్తుంది; అదుపు తప్పితే ఏమవుతుందో 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతమంతా కరెంటు పోయి చూసింది. మధ్యాహ్నం మేడల మీద పొంగే సౌర విద్యుత్తు, అందరూ ఏసీలు వేసే వేళకు ఉండదు. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం బొగ్గు విద్యుత్ యూనిట్లను గ్యాస్ పొయ్యిలా తిప్పి పెంచలేం, తగ్గించలేం. నాగార్జునసాగర్‌లోలాగా మిగులు కరెంటుతో నీటిని వెనక్కి తోడి దాచుకునే యంత్రాలు కావాలి, ఏ వీధిలో ఎంత పుడుతోందో ఎంత ఖర్చవుతోందో అప్పటికప్పుడు తెలియాలి.

మీ ఇంటికి స్మార్ట్ మీటరు బిగించడానికి వచ్చినప్పుడు, మిమ్మల్ని ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద, ఏ ఫేజు మీద నమోదు చేశారో తప్పక అడిగి రాయించుకోండి. నేను ఆ మర్నాడే పోస్టర్లు చింపి, స్తంభం నంబరు నాన్నగారి మంచం పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను.