గాత్రం నేర్చిన అమ్మాయికి ఏఐ టూల్ వివరణలు రాసే పని తగునా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా అమ్మాయి తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో గాత్రం డిప్లొమా చేసింది, బి.ఏ. కూడా పూర్తయింది. ఏడాదిగా అక్కడే ఒక రికార్డింగ్ స్టూడియోలో ఎడిటింగ్ నేర్చుకుంటోంది. ఇప్పుడు ఆడియో సాఫ్ట్‌వేర్‌ను వాడే ఏఐ ఏజెంట్లకు టూల్ వివరణలు రాసే పనిలోకి వెళతానంటోంది. కోడింగ్ రాని పిల్లకు ఇది కుదురుతుందా? బి.ఎడ్. చేయించడమే మేలా?

జవాబు: అమ్మా, ఆ పని ఎలాంటిదో ముందు చెబుతాను. అది తెలిస్తే మీ అమ్మాయికి తగునో లేదో మీరే తూచుకోగలరు. మనం మాటల్లో చెప్పిన పనిని మరో సాఫ్ట్‌వేర్ చేత చేయించే ప్రోగ్రామే ఏఐ ఏజెంటు. శబ్దాన్ని కత్తిరించడం, స్థాయి పెంచడం, రొద తగ్గించడం వంటి ఒక్కో పనికి ఒక్కో టూల్‌ను దానికి అప్పగిస్తారు. ప్రతి టూల్‌కూ ఒక పేరు, అదేం చేస్తుందో చెప్పే వివరణ, ఏయే విలువలు ఇవ్వాలో తెలిపే పట్టిక ఉంటాయి. ఏజెంట్లను టూల్స్‌తో కలిపే పద్ధతిగా 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లోనూ ఏర్పాటు ఇదే. ఏ టూల్‌ను ఎప్పుడు పిలవాలో ఏజెంటు చాలావరకు ఆ వివరణలోని నాలుగు వాక్యాలు చదివే నిర్ణయించుకుంటుంది కనుక, అవి అస్పష్టంగా ఉంటే పని చెడుతుంది.

ఒక ప్రవచనం రికార్డింగులో మాట మెల్లగా ఉండి, మధ్యలో ఒకచోట మైకుకు చెయ్యి తగిలి 'టప్' మని పెద్ద శబ్దం పడిందనుకోండి. "మాట బాగా వినపడేలా చెయ్యి" అని అడిగితే, వివరణలో "ఆడియో స్థాయిని సరిచేస్తుంది" అని మాత్రమే రాసి ఉన్న నార్మలైజ్ టూల్‌ను ఏజెంటు పిలుస్తుంది. కానీ ఆ టూల్ శబ్దంలో అన్నిటికంటే ఎత్తయిన శిఖరాన్ని, అంటే అతి పెద్దగా ఉన్న క్షణాన్ని కొలిచి, దాన్నిబట్టే మొత్తాన్ని పెంచుతుంది. ఆ 'టప్' అప్పటికే గరిష్ఠ స్థాయి దగ్గర ఉంది కాబట్టి మాట దాదాపు ఉన్నచోటే ఉండిపోతుంది. అదే వివరణను ఇలా రాయాలి: "ఎంచుకున్న భాగంలోని అత్యధిక శిఖరాన్ని, ఇచ్చిన స్థాయికి తెస్తుంది. చెవికి వినిపించే సగటు బిగ్గరతనాన్ని సమం చేయదు. అందుకు లౌడ్‌నెస్ టూల్‌ను వాడాలి. స్థాయిని డెసిబెల్స్‌లో ఇవ్వాలి, అది సున్నాను మించకూడదు." ఇందులో అన్నిటికంటే విలువైనది రెండో వాక్యం. టూల్ ఏం చేయదో రాయగలిగేది, అది చేయని చోట దెబ్బతిన్నవాళ్లే.

కొలమానాల సంగతీ అంతే. పెంపు విలువ దగ్గర 6 అని ఇస్తే అది శబ్ద స్థాయిని కొలిచే డెసిబెల్సా, రెట్లా? 6 డెసిబెల్స్ అంటే తరంగం ఎత్తు దాదాపు రెట్టింపవుతుంది. 6 రెట్లంటే 15 డెసిబెల్స్ దాటి శబ్దం పగిలిపోవచ్చు.

మీ అమ్మాయి చదువు నేరుగా అక్కరకొచ్చే చోటు మరొకటుంది. ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో రొద తగ్గించాలంటే, ముందు రొద మాత్రమే ఉన్న భాగాన్ని నమూనాగా చూపించి, ఆ తరువాత మొత్తానికి వర్తింపజేయాలి. "గాత్రం లేని భాగాన్ని నమూనాగా ఇవ్వండి" అని వివరణలో రాస్తే, మన కచేరీ రికార్డింగులో ఏజెంటు మొదట్లో తంబురా శ్రుతి ఒక్కటే వినిపించే భాగాన్ని తీసుకుంటుంది, తంబురానే రొద అనుకుని కీర్తన మొత్తంలోంచీ దాన్ని తినేస్తుంది. "ఏ వాయిద్యమూ, శ్రుతీ లేని భాగం మాత్రమే, అలాంటిది దొరకకపోతే ఆగి వాడుకరిని అడగాలి" అని రాయాలని సంగీతం తెలియని ప్రోగ్రామరుకు తోచడం కష్టం. తంబురా ముందు కూర్చుని సాధన చేసిన పిల్లకు అది చెప్పకుండానే తెలుస్తుంది. అందుకే ఆమె ఆలోచనను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను.

అయితే ఈ ఒక్క పని పేరుతోనే ఉద్యోగాలు విరివిగా దొరుకుతాయని మీకు ఆశపెట్టను. టెక్నికల్ రైటింగ్, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వంటి ఉద్యోగాల్లో ఇది ఒక భాగంగానే ఎక్కువగా వస్తుంది. పెద్ద కోడింగ్ అక్కర్లేదు గానీ, టూల్ వివరాలను రాసే జేసన్ అనే ఫార్మాట్‌ను చదివి అర్థం చేసుకునేంత, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో చిన్న ప్రోగ్రాం నడిపేంత పరిచయం తప్పదు. రోజుకు రెండు గంటలు కూర్చుంటే కొన్ని నెలల్లో పట్టుబడుతుంది. ఈ వివరణలు ఎక్కువగా ఇంగ్లీషులోనే రాయాలి కనుక, అలంకారాలు లేని సూటి ఇంగ్లీషు వాక్యం మీద ఇంతకన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టమనండి. బి.ఎడ్. మీద ఆమెకు నిజంగా ఇష్టముంటే అది వేరే మాట. కేవలం భద్రత కోసమైతే ఒక్క ఏడాది ఆగండి, స్టూడియో పని మాత్రం మాన్పించకండి.

ఆ ఏడాదిలో ఆమె చేయవలసింది ఒకటుంది. ఆడాసిటీ ఉచితం, దాన్ని పైథాన్ ద్వారా నడిపించే వీలు కూడా ఉంది. ఒక పది టూల్స్‌కు వివరణలు రాసి, స్టూడియోకు వచ్చేవాళ్లు అడిగే మాటల్లోనే ఇరవై కోరికలు ఏజెంటుకు ఇచ్చి, ప్రతిసారీ అది ఏ టూల్‌ను పిలిచిందో, ఏ విలువ ఇచ్చిందో నోటు పుస్తకంలో రాసుకోవాలి. తప్పిన చోట వివరణను దిద్ది, అవే కోరికలను మళ్లీ ఇవ్వాలి. దిద్దక ముందూ, దిద్దిన తరువాతా ఏం మారిందో చూపే ఆ పుస్తకమే ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే గట్టిగా మాట్లాడుతుంది. మొదటి టూల్‌గా రొద తగ్గించేదాన్నే తీసుకుని, తంబురాతో తను పాడిన రికార్డింగు మీదే పరీక్షించమనండి.