పివట్ టేబుల్‌లోంచి మాక్రోతో అంకెలు లాగాలంటే సెల్ నంబరు నమ్ముకోకండి

ఎక్సెల్ పివట్‌లో (పెద్ద లిస్టును కుదించి మొత్తాలు చూపే టేబుల్) ఊరివారీగా వచ్చే మొత్తాలను రోజూ చేత్తో ఇంకో షీట్లోకి కాపీ చేస్తున్నానని, దీనికి మాక్రో (ఆ పనిని దానంతటదే చేసే చిన్న ప్రోగ్రాం) రాసుకోవచ్చా అని ఒకరు అడిగారు. రాసుకోవచ్చు. నేను మొదటిసారి రాసినట్టు మాత్రం వద్దు.

మాది హోల్‌సేల్ వ్యాపారం, ఊరికో డీలరు. పేర్లు ఇంగ్లీషులో కొడతాం కాబట్టి పివట్‌లో చీరాల, గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు, తెనాలి అనే వరసలో వచ్చేవి. తెనాలి బాకీ బి8లో ఉంది కదా అని కోడ్‌లో బి8 అనే రాసేశాను. కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒక నెల బాపట్లకి తొలి బిల్లు పడింది. అది పైన కూర్చోగానే అన్నీ ఒక్కో వరస కిందికి జరిగాయి, బి8లోకి ఒంగోలు వచ్చింది. తెనాలి డీలరు ఫోన్ చేసి "ఇంత బాకీ నేనెప్పుడు పడ్డానయ్యా?" అని అడిగేదాకా మాకు తెలియనే లేదు.

అప్పటినుంచి గెట్‌పివట్‌డేటా అనే ఫంక్షన్ వాడుతున్నాను. ముందు మొత్తం ఉన్న ఫీల్డు పేరు (మాకు "బాకీ"), తర్వాత జంటగా "ఊరు", "తెనాలి" అని ఇస్తే సరి, ఆ ఊరు ఏ వరసలో ఉన్నా పట్టుకుంటుంది. మాక్రోలు రాసే భాష వీబీఏలో ఇది అంకెను కాకుండా ఆ అంకె ఉన్న సెల్‌ను ఇస్తుంది. కాబట్టి సెట్‌తో ఒక రేంజ్ వేరియబుల్‌లోకి తీసుకుని, దాని వాల్యూ చదవాలి.

అసలు తలనొప్పి ఇక్కడే. అడిగిన ఊరు పివట్‌లో లేకపోతే 1004 ఎర్రర్‌తో మాక్రో ఆగిపోతుంది. ఆగకూడదని అందరిలాగే నేనూ పైన, ఎర్రర్ వచ్చినా తర్వాతి లైనుకు వెళ్లిపొమ్మనే ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ పెట్టేశాను. దాంతో వేరియబుల్‌లో ముందు ఊరి సెల్ అలాగే ఉండిపోయి, లేని ఊరికి కూడా పక్క ఊరి అంకె పడింది. మళ్లీ అదే కథ! లూప్‌లో ప్రతి ఊరికి ముందు ఆ వేరియబుల్‌ను నథింగ్ (అంటే ఏ సెల్లూ లేనట్టు) చేయండి. వెతికాక కూడా నథింగ్‌గానే ఉంటే గడి ఖాళీగా వదిలేయండి, సున్నా వేయకండి. బాకీ తీరిపోవడం వేరు, ఊరే దొరకకపోవడం వేరు.

చదివే ముందు పివట్‌ను రిఫ్రెష్ చేసి, క్లియర్ ఆల్ ఫిల్టర్స్ కూడా నడపండి. ఎవరో ఒక నెలకి ఫిల్టర్ పెట్టి వదిలేస్తే ఎర్రరేమీ రాదు, ఆ ఒక్క నెల మొత్తమే చేతికొస్తుంది. పివట్‌లో తెనాలి రెండుసార్లు కనబడుతోందంటే ఒకదాని చివర స్పేస్ ఉందని. దాన్ని అసలు డేటాలోనే ట్రిమ్ చేసుకోవాలి.

పది ఊళ్ల లోపే అయితే మాక్రో కూడా అక్కర్లేదు. ఖాళీ గడిలో ఈక్వల్స్ కొట్టి పివట్‌లో అంకె మీద క్లిక్ చేస్తే ఫార్ములా దానంతటదే వస్తుంది. మీ ఊళ్ల పేర్లు ఏ2 నుంచి కిందికి ఉంటే, ఫార్ములాలో ఊరి పేరును కోట్స్‌తో సహా తీసేసి ఏ2 అని పెట్టి కిందికి లాగండి.

మాక్రోయే కావాలంటే, రాశాక ఒకసారి పివట్‌లో లేని ఊరి పేరు లిస్టులో ఇచ్చి నడిపి చూడండి. దాని పక్కన అంకె వచ్చిందంటే నథింగ్ లైను మర్చిపోయారన్నమాట.