సొంతంగా తయారుచేసుకున్న ఎలక్ట్రిక్ బైక్‌లో బ్యాటరీ కలపగానే టప్‌మని రవ్వ వస్తుందేం? షార్ట్ సర్క్యూటా?

సాధారణంగా అది షార్ట్ కాదు, కంట్రోలర్‌లోని (మోటారును నడిపే సర్క్యూట్) ఖాళీ కెపాసిటర్లు, అంటే ఛార్జ్‌ను నిల్వ చేసే భాగాలు, ఒక్కసారిగా ఛార్జ్ అవడం వల్ల వచ్చే రవ్వ. ఆ క్షణంలో కరెంటుకు వైర్ల కొద్దిపాటి నిరోధం తప్ప అడ్డేమీ ఉండదు. 72 వోల్టుల బ్యాటరీ ప్యాక్‌కు దారి మొత్తం నిరోధం 0.05 ఓమ్ అనుకుంటే, లెక్క ప్రకారం 1,440 ఆంపియర్లు! అదే ముందుగా 100 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా కలిపితే కరెంటు 0.72 ఆంపియర్లు దాటదు, 1,000 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ అర సెకనులో దాదాపు నిండిపోతుంది. మెయిన్ కాంటాక్టర్ (బ్యాటరీని కలిపే పెద్ద స్విచ్) ఆ తర్వాతే ఆన్ చేయాలి.

ఫ్యూజ్ ఉందిగా, పర్లేదులే అనుకుంటారు చాలామంది. ఈ కరెంటు ఉధృతి సాధారణంగా ఫ్యూజ్ కాలేలోపే ముగిసిపోతుంది. కనెక్టర్ పిన్నుల మీద మాత్రం నల్లటి గుంటలు పడతాయి, ఒక్కోసారి కాంటాక్టర్ అతుక్కుపోయి ఆఫే కాదు. రెసిస్టర్ పెట్టాక కూడా కెపాసిటర్ వోల్టేజ్ పెరగకుండా ఆ రెసిస్టర్ కాలిపోతుంటే, అప్పుడు షార్ట్‌ను అనుమానించండి.