స్కూల్లో దివ్యాంగుల పార్కింగ్‌లో వేరేవాళ్ళ కార్లు, ఎవరి మీద కంప్లైంట్ ఇవ్వాలి?

డౌట్: మా బాబు మూడో క్లాస్, వీల్‌చైర్ లేకుండా కదల్లేడు. వాళ్ళది ప్రైవేట్ స్కూల్, గేటు లోపల దివ్యాంగులకని రెండు స్లాట్లు గీశారు కానీ రోజూ పొద్దున వేరే పేరెంట్స్ కార్లే ఉంటాయి. అడిగితే "రెండే నిమిషాలండీ" అంటారు. వాచ్‌మన్ నోరెత్తడు, ప్రిన్సిపాల్ గారేమో "కాస్త అడ్జస్ట్ అవ్వండి మేడమ్" అంటున్నారు. ఆ కార్ల మీద పోలీస్ కంప్లైంట్ ఇవ్వొచ్చా?

జవాబు: ఇవ్వొచ్చమ్మా, కానీ దాంతో పని అవుతుందని నేను చెప్పలేను. ట్రాఫిక్ వాళ్ళు చలానా రాసేది మోటారు వాహనాల చట్టం కింద, అందులో పబ్లిక్ ప్లేస్ అంటే జనానికి వెళ్ళే హక్కున్న చోటు, మీ స్కూల్ కాంపౌండ్ దాని కిందకి వస్తుందా రాదా అన్న దగ్గరే వాదన మొదలైపోతుంది. "అది స్కూల్ వాళ్ళు చూస్కోవాలమ్మా" అని పంపించేసే ఛాన్సే ఎక్కువ. గేటు బయట రోడ్డు మీద గీసిన స్లాట్ అయితే వేరే సంగతి, అప్పుడు ట్రాఫిక్ పోలీసుల దగ్గరికే వెళ్ళండి.

నన్నడిగితే మీరు తప్పు మనిషిని పట్టుకున్నారు. ఆ కారు వాళ్ళతో రోజూ గొడవపడితే ఇవాళ ఒకరు తీస్తారు, రేపు ఇంకొకరు పెడతారు, మీకు బీపీ తప్ప ఏమీ రాదు. పట్టుకోవాల్సింది స్కూల్‌ని.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో సెక్షన్ 16 ఉంది. ప్రభుత్వం డబ్బులిచ్చే స్కూలే కాదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి స్కూలూ బిల్డింగ్, క్యాంపస్, సౌకర్యాలు దివ్యాంగ పిల్లలకి అందుబాటులో ఉండేలా చూడాలని అందులో ఉంది. కాబట్టి "మాది ప్రైవేట్ అండీ" అన్న మాట ఇక్కడ చెల్లదు. పెయింట్‌తో బొమ్మ గీసేసి, రోజూ దాని మీద వేరే కారు నిలబడుతుంటే చూస్తూ ఊరుకుంటే సౌకర్యం ఇచ్చినట్టు ఎలా అవుతుంది? 2024 నవంబర్ 8న దివ్యాంగుల సౌకర్యాల మీద వేసిన రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే లైన్‌లో మాట్లాడింది, యాక్సెసిబిలిటీ (అంటే దివ్యాంగులకి అందుబాటు) రూల్స్ ఉత్త సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరిగా పాటించాల్సినవి తయారు చెయ్యమని కేంద్రానికి చెప్పింది.

ఇంకోటి, స్లాట్ ఖాళీగా ఉందా లేదా అన్నదే కాదు, దాని వెడల్పు కూడా చూడండి. నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం కనీసం 3.6 మీటర్లు ఉండాలి, ఎంట్రన్స్‌కి 30 మీటర్ల లోపు ఉండాలి. ఆ ఎక్స్‌ట్రా జాగా ఎందుకంటే డోర్ పూర్తిగా తెరిచి, పక్కన వీల్‌చైర్ పెట్టి, పిల్లాడిని ఎత్తి కూర్చోబెట్టాలి కదా. పక్కన ఏటవాలు గీతలున్న చోట ఎవడో స్కూటీ ఆపినా మీ స్లాట్ ఉండీ లేనట్టే. చాలామంది "స్లాట్‌లో పెట్టలేదుగా, పక్కన పెట్టా" అంటారు, చాలా చోట్ల స్కూల్ వాళ్ళ పూలకుండీలే అక్కడుంటాయి అనుకోండి!

ఇప్పుడు చెయ్యాల్సింది. ఒక పది పదిహేను రోజులు నోట్ చెయ్యండి, తేదీ, టైమ్, బండి నంబర్, నేల మీద గుర్తు కూడా పడేలా ఫోటో, ఆ రోజు మీరెక్కడ ఆపి బాబుని ఎంత దూరం తీసుకెళ్ళారో కూడా. పిల్లల మొహాలు ఫోటోలో పడనివ్వద్దు. తర్వాత ప్రిన్సిపాల్‌కీ మేనేజ్‌మెంట్‌కీ లెటర్ ఇవ్వండి, నోటితో చెప్పింది లెక్కలోకి రాదు, కాపీ మీద అందినట్టు ఇన్‌వర్డ్ స్టాంప్ వేయించుకోండి, వెయ్యకపోతే స్పీడ్ పోస్ట్‌లో పంపండి. అందులో ఊరికే న్యాయం చెయ్యండి అని కాకుండా ఏం కావాలో రాయండి: బడి మొదలయ్యే ముందూ వదిలేటప్పుడూ స్లాట్‌కి గొలుసు కట్టడం, హక్కున్న ఫ్యామిలీస్‌కి స్టిక్కర్, పేరెంట్స్ అందరికీ సర్క్యులర్. "రీజనబుల్ అకామడేషన్ అడుగుతున్నాను" అన్న మాట తప్పకుండా పెట్టండి, అంటే బాబు అవసరానికి తగ్గట్టు చెయ్యాల్సిన మార్పులు, అది చట్టంలో ఉన్న మాటే. పదిహేను రోజులు టైమ్ ఇవ్వండి.

కదలకపోతే డీఈవోకి (జిల్లా విద్యాశాఖాధికారికి) ఒక కాపీ, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కి కంప్లైంట్. దీనికి లాయర్ కూడా అక్కర్లేదు (నా పొట్ట నేనే కొట్టుకుంటున్నా), తెల్లకాగితం మీద రాసి, బాబు యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు), లెటర్, ఫోటోలు జత చేస్తే చాలు. సాక్షుల్ని పిలిపించడానికీ కాగితాలు తెప్పించడానికీ ఆ కమిషనర్‌కి సివిల్ కోర్టుకున్న పవర్స్ ఉంటాయి. ఈ దివ్యాంగుల హక్కుల చట్టాన్ని ఉల్లంఘిస్తే సెక్షన్ 89 కింద మొదటిసారి 10,000 వరకు, తర్వాత 50,000 నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది, అది కోర్టు వేస్తుంది. లెటర్‌లో ఈ లైన్ చూస్తే చాలామంది మేనేజ్‌మెంట్లు అప్పుడే గొలుసు కొనేస్తారు.

చెయ్యకూడనివి కూడా చెప్తా. టైర్ గాలి తియ్యడం, వాళ్ళ కారుకి అడ్డంగా మీ కారు పెట్టడం వద్దు, కేసు తిరిగి మీ మీదకే వస్తుంది. నంబర్ ప్లేట్ ఫోటో వాట్సాప్ గ్రూప్‌లో పెట్టి తిట్టడం అసలే వద్దు, ఎందుకంటే దిగి మామూలుగా నడిచి వెళ్ళినావిడ కారులో ఆటిజం ఉన్న పాప ఉండొచ్చు, చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో చాలా పైకి కనపడవు.

అదే ఎవరైనా నలుగురిలో బాబు వైకల్యం గురించి కావాలని అవమానంగా మాట్లాడితే మాత్రం ఊరుకోకండి, అదే చట్టంలో సెక్షన్ 92 ఉంది, ఆర్నెల్ల నుంచి ఐదేళ్ళ వరకు జైలు. అప్పుడు ప్రిన్సిపాల్ రూమ్‌కి కాదు, నేరుగా స్టేషన్‌కే వెళ్ళండి.