అందరూ సీఎస్‌ఈ అంటుంటే సివిల్ తీసుకోవచ్చా?

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ పూర్తయింది. నా ఈఏపీసెట్ ర్యాంకుకు యూనివర్సిటీ కాలేజీలో సివిల్, మా దగ్గరి ప్రైవేటు కాలేజీలో సీఎస్‌ఈ వచ్చేలా ఉన్నాయి. నాన్న తాపీమేస్త్రీ. చిన్నప్పటి నుంచి ఆయనతో పనుల దగ్గరికి వెళ్లేదాన్ని, నాకు సివిల్ ఇష్టం. ‘ఎండలో నేను పడ్డ కష్టం చాలు’ అంటున్నారు నాన్న. ఫ్రెండ్సంతా సీఎస్‌ఈకే వెళ్తున్నారు. ఏం చేయమంటారు?
- ఒక విద్యార్థిని, నల్గొండ జిల్లా

జవాబు: చూడమ్మా, నలుగురు వెళ్లే దారిలో వెళ్లడం తప్పేమీ కాదు. ఏది ఇష్టమో ఇంకా తేలని పిల్లలకు సీఎస్‌ఈ పెట్టుకోమని నేనే చెప్తుంటాను. తర్వాత ఏ రంగంలోకి వెళ్లినా కోడింగ్ అక్కరకొస్తుంది. నీ సంగతి వేరు. సెంట్రింగ్ కొట్టడం, స్లాబ్ వేసే రోజు హడావుడి, క్యూరింగ్ అన్నీ దగ్గరుండి చూశాకే నీకు ఈ ఇష్టం కలిగింది.

అయితే నువ్వు చూసింది మేస్త్రీ పని. ఇంజినీరు డ్రాయింగు చదవాలి, ఏ బీముకు ఎంత ఇనుము పడుతుందో లెక్క కట్టాలి, జరిగిన పనిని కొలిచి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో ఎక్కించాలి. ఆ లెక్కలూ నచ్చుతాయా? మీ మండలం పంచాయతీరాజ్ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీరును) నాన్నతో వెళ్లి కలువు, ఒక రోజు వెంట తిరగనివ్వమని అడుగు. సీనియర్ల దగ్గర స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పుస్తకం తీసుకుని తిరగెయ్. అర్థం కాకపోయినా ఫర్వాలేదు, విసుగు పుడితే మాత్రం ఆలోచించాల్సిందే.

నాన్న మాట కొట్టిపారేయకు. ప్రైవేటులో సివిల్ వాళ్లకు మొదట్లో జీతాలు తక్కువ, సైటు మారితే ఊరు మారాలి, ఎండ తప్పదు. చాలా సైట్లలో ఆడవాళ్లకు సరైన టాయిలెట్ కూడా ఉండదు. ఇవన్నీ తెలిసే దిగాలి.

ఆయనకు ఒక్క విషయం వివరంగా చెప్పు. సివిల్ చదివినా ప్రోగ్రామింగ్ నేర్చుకుని ఐటీలోకి వెళ్లొచ్చు. పరీక్ష పెట్టి అన్ని బ్రాంచీల వాళ్లనూ తీసుకునే కంపెనీలున్నాయి. సీఎస్‌ఈ చదివితే మాత్రం నీటిపారుదల, రోడ్లు భవనాల శాఖల్లో సివిల్ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) పోస్టులకు అర్హత ఉండదు. యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్‌లోనూ సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ విభాగాలే ఉన్నాయి, కంప్యూటర్ సైన్స్ లేదు. ఏఈఈ అంటే ఎవరో నాన్నకు నువ్వు చెప్పక్కర్లేదు. ప్రభుత్వ పని చేస్తే బిల్లు కదలాలన్నా వాళ్ల సంతకం పడాల్సిందే కదా.

నన్నడిగితే, ఏఈ వెంట తిరిగొచ్చాక కూడా మనసు మారకపోతే సివిలే తీసుకో. ఫ్రెండ్స్ పైథాన్ నేర్చుకుంటుంటే మాత్రం నువ్వూ వాళ్ల పక్కన కూర్చో, ఆ విషయంలో గుంపుతో వెళ్లడమే మంచిది.

వెబ్ ఆప్షన్లప్పుడు జాగ్రత్త. పైన పెట్టిన ఆప్షన్‌లో సీటొస్తే కిందివి చూడరు. తర్వాతి విడతలో మళ్లీ ఆప్షన్లిచ్చి కొత్త సీటు వస్తే పాతది పోతుంది. అందుకే ముందు వరుసను కాగితం మీద రాసి నాన్నకు చూపించు, ఆయన సరేనన్నాకే ఫ్రీజ్ చెయ్.