ఫ్రీజర్‌లో ఉంచిన టెండన్ మీద చేసిన తన్యతా పరీక్షను నమ్మవచ్చా?

మేక వెనుక కాలి మడమ దగ్గరి టెండన్లను (కండరాన్ని ఎముకకు కలిపే గట్టి పట్టీలను) మైనస్ 20 డిగ్రీల వద్ద రెండు నెలలు నిల్వ చేసి, ఆ తరువాత లాగి పరీక్షిస్తే ఫలితాలు చెల్లుతాయా అని మీరు అడిగారు. ఒక్కసారే గడ్డకట్టించి, ఒక్కసారే కరిగించి, మధ్యలో ఎక్కడా ఆరనివ్వకపోతే చాలావరకు చెల్లుతాయి. పరిశోధక విద్యార్థిగా నేను కొన్నేళ్లు ఇదే పని చేశాను. నన్ను ఇబ్బంది పెట్టింది చలి కాదు, చలి చుట్టూ నేను చేసిన పొరపాట్లు.

1986లో పరిశోధకుడు సావియో వూ బృందం కుందేలు మోకాలి లిగమెంట్లను (ఎముకను ఎముకకు కలిపే పట్టీలను) మైనస్ 20 వద్ద మూడు నెలల వరకు నిల్వ చేసి పరీక్షించినప్పుడు, మొదటి కొన్ని ఆవృత్తాలలో, అంటే లాగి వదిలే విడతలలో, కనిపించే హిస్టెరిసిస్ (వదిలినప్పుడు తిరిగి రాకుండా పోయే శక్తి) తగ్గిందే తప్ప, తెగే బలంలో చెప్పుకోదగిన తేడా రాలేదు. అయితే 2008లో మనిషి పాదపు టెండన్లను మైనస్ 80 వద్ద ఉంచి చూసినవారికి కొల్లాజెన్ (టెండన్‌కు బలమిచ్చే ప్రోటీన్) తంతువుల సగటు వ్యాసం పెరగడం, వాటి సంఖ్య తగ్గడం, తెగే భారం కూడా తగ్గడం కనిపించాయి. తాజా టెండన్ బరువులో సగానికి పైగా నీరే కనుక ఇందులో ఆశ్చర్యం లేదు. నెమ్మదిగా చల్లబరిచినప్పుడు తంతువుల మధ్య పెద్ద మంచు స్ఫటికాలు ఏర్పడి, పక్కనున్న నీటిని తమవైపు లాక్కుంటూ తంతువుల అమరికను కదిలిస్తాయి.

ఇక నా పొరపాటు. మూడో నెలలో తీసిన నమూనాల యంగ్ గుణకం (సాగకుండా నిలిచే గట్టిదనపు కొలత) తాజావాటికన్నా బాగా ఎక్కువగా వచ్చేసరికి, నిల్వ వల్ల టెండన్ బిగుసుకుపోతుందని కనుగొన్నానని సంబరపడి పట్టికలు కూడా సిద్ధం చేశాను. ఎందుకైనా మంచిదని తూచి చూస్తే, ఫ్రీజర్‌లో పెట్టేముందు రాసుకున్న బరువుకన్నా ప్రతి నమూనా తేలికగా ఉంది. పలుచని గుడ్డ చుట్టి, సరిగా మూయని సంచిలో పెట్టి, దానంతట అదే మంచు కరిగించుకునే ఇంటి రకం ఫ్రీజర్‌లో ఉంచాను. అలాంటి ఫ్రీజర్ కొంతసేపు వేడెక్కి మళ్లీ చల్లబడుతుంది, పైగా లోపలి గాలి పొడిగా ఉండడంతో మంచు నేరుగా ఆవిరైపోతుంది. ఆరిన టెండన్ గట్టిపడుతుంది, అడ్డుకోత వైశాల్యమూ తగ్గుతుంది. ప్రతిబలం (ప్రమాణ వైశాల్యం మీద పడే బలం) లెక్కించేటప్పుడు భాగించేది ఆ వైశాల్యంతోనే కనుక గుణకం రెండు విధాలా పెరిగి కనబడుతుంది. సెలైన్‌లో (ఉప్పునీటి ద్రావణంలో) తడిపిన గాజుగుడ్డ చుట్టి, గాలి తీసిన సంచుల్లో, విడివిడిగా పెట్టడం మొదలుపెట్టాక ఆ తేడా దాదాపు మాయమైంది.

దీనికి విరుగుడుగా సెలైన్‌లో గంటల తరబడి నానబెట్టకండి. అప్పుడు టెండన్ ఉబ్బి, వైశాల్యం పెరిగి, గుణకం తగ్గినట్లు కనిపిస్తుంది. గుడ్డతోనే కరగనిచ్చి, కొలతలు తీసుకొని, పరీక్ష జరుగుతున్నంతసేపు పైన చిలకరిస్తే చాలు.

కరిగినదాన్ని తిరిగి ఫ్రీజర్‌లో పెట్టకపోవడం మంచిది. మనిషి చేతి టెండన్లను ఐదుసార్లు గడ్డకట్టించి కరిగించినప్పుడు బలం స్పష్టంగా తగ్గింది, మూడుకన్నా తక్కువసార్లయితే అంత నష్టం లేదు. మా దగ్గర ఒకసారి రాత్రంతా కరెంటు పోయినప్పుడు ఆ ఫ్రీజర్‌లోని నమూనాలన్నింటినీ పారేయాల్సి వచ్చింది. ఎన్నిసార్లు కరిగాయో తెలియనివాటితో ఏం తేల్చగలం? తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

పరీక్షలో యంత్రం పట్టు నుంచి జారకుండా టెండన్ చివరలను డ్రై ఐస్‌తో కావాలనే గడ్డకట్టిస్తారు కదా, ఆ చలి మధ్యభాగానికి పాకకముందే లాగడం ముగించాలి. అంతకుముందు తక్కువ వికృతితో, అంటే కొద్దిగా మాత్రమే సాగేలా, పది ఆవృత్తాలు నడిపితే బలానికీ సాగుదలకూ గీసే వక్రరేఖ స్థిరపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, పోల్చే రెండు గుంపులనూ ఒకే రోజున ఫ్రీజర్‌లో పెట్టి, ఒకే రోజున తీయండి. ఒక గుంపు తాజాది, ఇంకొకటి నిల్వ చేసినది అయితే, వచ్చిన తేడా మీరు పరిశీలిస్తున్న కారణం వల్లనో నిల్వ వల్లనో విడదీయడం కుదరదు.